పట్నానికి సముద్రం వైపు

అపెరామో నడిపే బస్సు పేరు వేగుచుక్క. సమోవా దేశంలో ఫలేయోలో అనే విమానాశ్రయం గేటు ముందు నుంచి ఆపియా పట్నం బజారు దాకా వెళ్ళి వెనక్కి రావడం దాని పని. రోజుకి మూడు ట్రిప్పులు. చెక్క బాడీ, చెక్క బల్లలు, అద్దాలు లేని కిటికీలు. బస్సు రాకముందే దాని పాటలు ఊళ్ళోకి వచ్చేస్తాయి. అది లుపే అన్నగారి సొత్తు. లుపే అంటే అపెరామో పెళ్ళాం. సొంతదారు అయిన ఆ బావగారు దాన్ని ఒక్కనాడు కడిగిన పాపాన పోలేదు గానీ, బస్సు మీద తన పేరు మాత్రం రెండు చోట్ల రాయించుకున్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా అపెరామోకి అదే దారి. ఏ ఇంటి పంది ఏ వేళకి రోడ్డు దాటుతుందో అతనికి తెలుసు. ఏ పాస్టరుగారు ఆదివారం ఎన్ని గంటలకి గొంతు పెంచుతారో కూడా తెలుసు. విమానం దిగినవాళ్ళని చూడగానే ఎవరింటి మనిషో చెప్పేవాడు. "నువ్వు మలువా వాళ్ళ అమ్మాయివి కదూ, ఆ ముక్కు మీ తాతదే," అని పెట్టె అందుకునేవాడు. ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు డబ్బు చేతిలో పెట్టి, వాళ్ళింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరికి పెళ్ళి కుదిరిందో చెప్పి మరీ దిగేవాళ్ళు.

అలాంటి మనిషికి యాభై అయిదో ఏట పెద్ద చిక్కు వచ్చిపడింది. రెండు వేల తొమ్మిది సెప్టెంబరులో ఒక సోమవారం, పొద్దున్న ఆరు గంటలకి, దేశంలో బళ్ళన్నీ రోడ్డు కుడివైపు నుంచి ఎడమవైపుకి మారాలని ప్రభుత్వం నిర్ణయించింది. న్యూజీలాండులోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్న చుట్టాలు తమ పాత కార్లు పంపిస్తే ఇక్కడ హాయిగా నడుపుకోవచ్చట. మావాళ్ళు ఊరేగింపులు తీశారు, కోర్టుకెక్కారు, దేవుడికీ మొరపెట్టుకున్నారు. అయినా సోమవారం రానే వచ్చింది. అందరూ తిట్టుకుంటూనే మారారు.

అపెరామో భయం వేరు. అతను ఎడమవైపు ఇదివరకే ఒకసారి నడిపాడు.

ఇరవై నాలుగేళ్ళ వయసులో అతనూ సేతి అనే స్నేహితుడూ కలిసి న్యూజీలాండులోని ఆక్లండ్ వెళ్ళారు, అక్కడ బళ్ళు నడిచేది ఎడమవైపే. ఒకే ఊరి బడిలో ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే మాస్టారి చేత తన్నులు తిన్నవాళ్ళు. అక్కడ మాంసం ఫ్యాక్టరీలో పని. పదకొండు వారాలయ్యాక ఇద్దరూ కలిసి ఒక పాత కారు కొన్నారు. ఒకనాడు పొద్దున్నే పెట్రోలు పోయించుకుని రోడ్డెక్కారు. రోడ్డు మీద పురుగు లేదు. అపెరామో చేతులు అలవాటుకొద్దీ కారుని కుడివైపుకి తీసుకెళ్ళాయి. మలుపులో పాల లారీ ఎదురైంది. అపెరామోకి నుదుటి మీద చిన్న గాటు పడింది. సేతి ఎడమకాలు మోకాలి దగ్గర నుజ్జయిపోయి, ఇక జన్మలో మడత పడలేదు.

అప్పుడు సేతి నిద్రపోతున్నాడని అందరూ అన్నారు. సేతి కూడా అదే చెప్పాడు. నిద్రపోతున్నవాణ్ణి ఎవరేమంటారు? తిట్లన్నీ అపెరామోకే వచ్చాయి, వాటిలో ఒక్కటి కూడా తనకి చెందదని అతను అనుకోలేదు. ఆసుపత్రికి మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ వార్డు తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడు. అక్కడివాళ్ళు లైసెన్సు లాక్కున్నాక టిక్కెట్టు కొనుక్కుని ఇంటికొచ్చిపడ్డాడు. "తప్పయిపోయిందిరా" అన్న ఒక్క మాట సేతితో అనలేదు. ఉత్తరం రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాడు. పేరు రాసి కాగితం మడిచేసేవాడు.

ఎడమకి భయపడి సముద్రం దాటి వచ్చేశాడు. ఇప్పుడు ఆ ఎడమే సముద్రం దాటి వెతుక్కుంటూ వచ్చింది.

సోమవారం, మంగళవారం సెలవు. బుధవారం నుంచి వేగుచుక్క మళ్ళీ తిరగాలి. మంగళవారం తెల్లవారాక లుపే అతన్ని లాక్కెళ్ళి బస్సులో కూర్చోబెట్టింది. విమానాశ్రయం రోడ్డు ఖాళీగా ఉంది. తాళం తిప్పాడు. బస్సు పది గజాలు కదిలింది. అంతలోనే రోడ్డు మధ్యలో ఆపేసి తాళం లాగేశాడు.

"నా వల్ల కాదు లుపే. తాళాలు మీ అన్నకి ఇచ్చెయ్."

"ఇచ్చేసి ఏం చేస్తావు? నా ఎదురుగా కూర్చుని కోకో తాగుతావా రోజల్లా?"

"చేపలు పడతాను."

"నువ్వు పట్టిన చేప ఎలా ఉంటుందో ఈ ఇంట్లో ఎవరూ చూడలేదయ్యా."

అపెరామో నవ్వలేదు. లుపే గొంతు తగ్గించి చెప్పింది. "చూడు. ఎడమ, కుడి అని లెక్కలు వేసుకోకు. చిన్నప్పటి నుంచి మనం ఆ మాటలతో బతికామా? నీ చెంచా ఎక్కడుందంటే సముద్రం వైపుందనీ, గొడ్డలి ఎక్కడుందంటే కొండ వైపుందనీ చెప్పుకునేవాళ్ళమే కదా. పట్నానికి వెళ్ళేటప్పుడు సముద్రం వైపు. తిరిగొచ్చేటప్పుడు కొండ వైపు. అంతే. రేపు ఒక్క ట్రిప్పు వెయ్యి. అది కూడా చేతకాకపోతే తాళాలు నేనే తీసుకెళ్ళి మా అన్న మొహాన కొడతాను."

"ఒక్క ట్రిప్పే."

"ఒక్కటే."

ఇక బస్సు సంగతి. బళ్ళు వైపు మారితే బస్సు తలుపు రోడ్డు మధ్యలోకి తెరుచుకుంటుంది. దిగినవాళ్ళు నేరుగా లారీ కిందకే దిగాలి. అందుకని బావగారు వడ్రంగిని పెట్టి, స్టీరింగు ఉన్న ఎడమవైపే, డ్రైవరు వెనకాల, కొత్త తలుపు కోయించాడు. కుడివైపు ముందున్న పాత తలుపుని ప్లైవుడ్ ముక్కతో బిగించేసి, దాని ముందు ఒక బల్ల వేశారు. మెట్లు మాత్రం అలాగే వదిలేశారు. ఎక్కడానికీ దిగడానికీ పనికిరాని గొయ్యిలా అవి ఆ బల్ల ముందు ఉండిపోయాయి.

బుధవారం పొద్దున ఆక్లండ్ విమానం దిగింది. దండలు పట్టుకుని వచ్చినవాళ్ళు దండలు వేశారు, ఏడవాల్సినవాళ్ళు ఏడ్చారు. అపెరామో గేటు బయట స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి. పట్నానికి సముద్రం వైపు, పట్నానికి సముద్రం వైపు. ఒక్కొక్కళ్ళే ఎక్కుతున్నారు. పెద్దవాళ్ళు ముందు బల్లల మీద కూర్చున్నారు, పిల్లకాయలు వెనక్కి పోయారు. చోటు చాలనివాళ్ళు అడక్కుండానే మిగతావాళ్ళ ఒళ్ళో కూర్చున్నారు. మా బస్సుల్లో నిలబడి వెళ్ళేవాళ్ళు ఎవరూ ఉండరు, ఒళ్ళు ఉన్నన్ని సీట్లు.

టాక్సీవాళ్ళు ఒక ముసలాయన వెంట పడుతున్నారు. పెట్టె లాక్కోబోతుంటే ఆయన ఇవ్వడం లేదు. చేతికర్ర, తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కా, మడత పడని ఎడమకాలు. బస్సు మీద పేరు చదివాడు. కొత్త తలుపులోంచి కష్టపడి ఎక్కాడు. ఎక్కినాయన డ్రైవరు వైపు చూశాడు.

జుట్టంతా నెరిసింది, బుగ్గలు జారాయి. అయినా ఆ మనిషిని పోల్చుకోవడానికి అపెరామోకి కాలు చూడక్కర్లేదు.

"ఏరా, తాళం తిప్పవా, నేను తిప్పాలా?" అన్నాడు సేతి.

పాత తలుపు దగ్గర బల్ల మీదున్న కాలేజీ అమ్మాయి లేచి, వెనక వరసలో ఎవరో పెద్దమ్మ ఒళ్ళో కూర్చుంది. సేతి ఆ కొత్త బల్ల మీద కూర్చుని, కర్రలాంటి కాలుని పాత మెట్ల గొయ్యిలోకి చాపుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. "నా కోసమే తవ్వించినట్టున్నావే," అన్నాడు.

అపెరామోకి బస్సు దిగి పారిపోదామనిపించింది. వెనకనుంచి ఎవరో, "అపెరామో, ఈ ఏడాదే వెళ్దామా?" అని అరిచారు. నలభైమంది నవ్వారు. బస్సు కదిలింది.

సతపువాలా దాటారు. ఎడమ పక్కన సముద్రం తళతళలాడుతోంది. అపెరామో చక్రాన్ని సముద్రానికి కట్టేసినట్టు నడుపుతున్నాడు. ఎదురుగా కారు వస్తే ఊపిరి బిగబట్టడం, అది దాటిపోతే వదలడం.

"ఎప్పుడు బయల్దేరావు?" అని అడిగాడు చివరికి. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత అతనికి దొరికిన మొదటి ప్రశ్న అది.

"గురువారం పొద్దున."

"ఇవాళ బుధవారం."

"మరి అదే కదా మీ దేశం గొప్పతనం. తేదీ మారే గీత దాటి, గురువారం విమానమెక్కినవాడు బుధవారం దిగుతాడు. మొత్తానికి ఒక రోజు వెనక్కొచ్చాను."

"ఎవరిదైనా పెళ్ళా?"

"పెళ్ళీ లేదు, చావూ లేదు. ఆక్లండ్‌లో మన సమోవా రేడియో ఉంది కదా, దాంట్లో చెప్పారు, మీరంతా ఎడమకి మారుతున్నారని. మా ఇంట్లో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వీడి సంగతేమిటా అనుకున్నాను."

అపెరామో రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. కళ్ళు మసకబారుతుంటే భుజానికి తుడుచుకున్నాడు. ఇప్పుడు క్షమాపణ అడగాలి. ఈ క్షణం కాకపోతే ఇంకెప్పుడూ అడగలేడు. అడగాల్సింది వదిలేసి, సముద్రం వైపు, సముద్రం వైపు, అనుకుంటూ ఫలేయాసియు, మలువా దాటించాడు. సగం దారి అయిపోయింది. తప్పు ఒక్కటీ జరగలేదు. అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి.

సలేయిమోవాలో ఫుసి ముసలమ్మ నిలబడి ఉంది. నలభై ఏళ్ళుగా ప్రతి బుధవారం చాపల కట్టతో బజారుకి వెళ్ళే మనిషి. నలభై ఏళ్ళుగా ఎక్కడ నిలబడిందో అక్కడే నిలబడింది, కొండ వైపు, పనసచెట్టు పక్కన. ప్రభుత్వం మారమన్నది బళ్ళనే గాని తనని కాదని ఆవిడ ఉద్దేశం. బస్సుని చూసి చెయ్యెత్తింది.

ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యి లేవగానే ఏం చెయ్యాలో అపెరామో చేతులకి తెలుసు. అతన్ని అడగకుండానే అవి ఆ పని చేశాయి. బస్సు రోడ్డుని అడ్డంగా దాటి కుడివైపుకి వెళ్ళి, ఫుసి ఎదురుగా జానెడు తేడా లేకుండా ఆగింది. బస్సులో నలభైమందికీ అది తప్పనిపించలేదు. ఒకాయన ఆవిడ కోసం జరిగి చోటు కూడా ఇచ్చాడు. పాటలు మోగుతున్నాయి. ఫుసి మాత్రం తలుపు ఉండాల్సిన చోట ప్లైవుడ్ కనిపించేసరికి మండిపడి, చాపల కట్టతో దాన్ని దబదబా బాదింది.

"ఒరే అబ్బాయ్, తలుపు ఏం చేశావురా? మింగేశావా?"

"అపెరామో," అన్నాడు సేతి, గొంతు పెంచకుండా. "లారీ."

ఎదురుగా మలుపు తిరిగి ఇసుక లారీ వస్తోంది. దాని దారిలోనే వేగుచుక్క నిలబడి ఉంది. అదే మలుపు, అదే లారీ, పక్కన అదే మనిషి. అపెరామో కదలలేకపోయాడు. సేతి చేతికర్ర పెట్టి హారన్ నొక్కాడు. గట్టిగా, వదలకుండా. లారీ బ్రేకులు కీచుమన్నాయి. ఇసుక కొంత రోడ్డు మీద పడింది. రెండు బళ్ళ మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది.

పాటలు ఎవరో ఆపేశారు. లారీ డ్రైవరు తల బయటపెట్టి తిట్టబోయి, అపెరామోని గుర్తుపట్టి, "పెద్దాయనా, నేను కూడా పొద్దున్న రెండుసార్లు ఇలాగే తప్పు వైపు పోయాలే," అని బండి వెనక్కి తీసుకున్నాడు.

అపెరామో తాళం తీసేశాడు. దాన్ని సేతి ఒళ్ళో పెట్టాడు. "చూశావుగా. అప్పుడూ ఇదే చేశాను. నీ కాలు పోగొట్టాను. ఇవాళ ఇంతమందిని చంపేవాణ్ణి. ఇంక నేను నడపను. పట్నం దాకా కూడా నడపను."

సేతి ఆ తాళాన్ని గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"అప్పుడు నేను నిద్రపోలేదురా."

అపెరామోకి ముందు అర్థం కాలేదు.

"మేలుకునే ఉన్నాను. నువ్వు కుడికి తిరిగావు. నేను చూస్తూనే ఉన్నాను. నాకు అదే సరైన వైపనిపించింది. మనం వెళ్ళి పదకొండు వారాలే కదా. ఇప్పుడు వీళ్ళందరికీ ఎలా అనిపించిందో అప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఆసుపత్రికి అమ్మ ఫోన్ చేసి, 'పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకున్నావా' అని అడిగింది. నిద్రపోయానని చెప్పాను. తర్వాత పోలీసులకీ అదే చెప్పాను. పాస్టరుకీ అదే చెప్పాను. ఒకసారి చెప్పాక ఎలా వెనక్కి తీసుకోను? ముప్పై ఒక్క ఏళ్ళు తప్పంతా నీ నెత్తినే ఉంచి నేను హాయిగా నిద్రపోయినవాణ్ణయ్యాను. ఇవాళ ఈ లారీని చూసింది నా కళ్ళు తెలివైనవి కాబట్టి కాదు, ముప్పై ఏళ్ళుగా ఎడమన బతికాను కాబట్టి."

బస్సులో అందరూ వింటున్నారని ఇద్దరికీ తెలుసు. మా దగ్గర బస్సులో చెప్పిన మాట సాయంత్రానికి దీవంతటికీ తెలుస్తుంది. ఆ సంగతి తెలిసే సేతి చెప్పాడు.

"ఇదిగో తాళం," అన్నాడు సేతి. "డ్రైవరు సీట్లోంచి నీకు ఎదురొచ్చేవి సరిగ్గా కనబడవు. నాకు కనబడతాయి. నేను చూస్తాను, నువ్వు నడుపు."

ఈ లోపల ఫుసి బస్సు చుట్టూ తిరిగి వచ్చి కొత్త తలుపులోంచి ఎక్కింది. "ఏడుపులయ్యాక పోనివ్వండి. ఎండ ఎక్కితే చాపలు కొనేవాళ్ళుండరు," అంది.

అక్కణ్ణుంచి పట్నం దాకా బస్సుని ఇద్దరు నడిపారు. "కారు వస్తోంది, నువ్వు ఉండు." "సైకిలు, పోనీ." "ఏం లేదు, వెళ్ళు." వైతేలే దగ్గర రోడ్డు సముద్రాన్ని వదిలేసి లోపలికి తిరిగింది. అపెరామోకి కట్టుకున్న తాడు తెగినట్టయింది. సేతి, "నా వైపు బళ్ళు, నీ వైపు మనుషులు," అన్నాడు. అది సముద్రం లేని చోట కూడా పనికొచ్చింది. గడియారం స్తంభం దగ్గర రద్దీలో కూడా పనికొచ్చింది. చివరికి వేగుచుక్క బజారు స్టాండులోకి వెళ్ళి, తన చోటులో తిన్నగా నిలబడింది.

అందరూ దిగారు. సేతి కర్ర పట్టుకుని దిగాడు. అపెరామో ఆఖరున దిగాడు. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, ఫుసి నేల మీద పెట్టిన కట్టలోంచి ఒక చాప లాగి, సేతి కాళ్ళ ముందు, అరటిగెలల పక్కన, నేల మీద కూలబడి ఆ చాపని నెత్తి మీద కప్పుకున్నాడు.

మా వాళ్ళకి దాని అర్థం చెప్పక్కర్లేదు. పెద్ద తప్పు చేసినవాడు బాధపడినవాళ్ళ గుమ్మం ముందు నెత్తి మీద చాప కప్పుకుని కూర్చుంటాడు. వాళ్ళు వచ్చి ఆ చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే, వాళ్ళు అతన్ని ఏం చేసినా అడిగేవాడు లేడు. మామూలుగా ఊరి పెద్దలతో, తెల్లవారకముందు, తరతరాల నాటి మెత్తటి చాపతో చేస్తారు. పట్టపగలు బస్‌స్టాండులో, అమ్మకానికి పెట్టిన పడక చాపతో ఎవరూ చెయ్యరు.

బజారంతా ఆగిపోయింది. పనికెకె అనే తీపి బొండాలు వేయిస్తున్న ఆవిడ మూకుడు దించేసింది.

సేతి చాప ఎత్తలేదు. కర్ర పక్కన పడేశాడు. ఒక చెయ్యి బస్సు చక్రం మీద ఆనించి, మడత పడని కాలు ముందుకి చాపుకుంటూ, మూలుగుతూ, అపెరామో పక్కన నేల మీద కూర్చున్నాడు. చాప అంచు పట్టుకుని సగం తన నెత్తి మీదకి లాక్కున్నాడు.

చాప కింద చీకటిగా, కొత్త ఆకు వాసనగా ఉంది.

"నువ్వెందుకురా కూర్చున్నావు," అన్నాడు అపెరామో. "నువ్వు ఎత్తాలి."

"నాది ఎవరు ఎత్తుతారు? నువ్వే ఎత్తాలి."

"నేనెలా ఎత్తుతాను, నేను కింద ఉంటే?"

"నేనూ అంతేగా."

అలా ఇద్దరూ ఎత్తకుండా కూర్చున్నారు. భుజానికి భుజం తగులుతోంది. అపెరామోకి ముప్పై ఒక్క ఏళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ మాట అప్పుడు బయటికి వచ్చింది. "తప్పయిపోయిందిరా సేతి." సేతి అదే మాట తిప్పి చెప్పాడు. ఇద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు. బయట నిలబడ్డవాళ్ళకి చాప కదలడం ఒకటే కనబడింది.

ఎంతసేపటికీ చాప లేవకపోయేసరికి ఫుసి ముందుకొచ్చింది. "ఎత్తేవాడే లేకపోతే ఎలాగయ్యా? నాది ఆ చాప," అని రెండు చేతులా పట్టుకుని ఎత్తేసింది. "ఇద్దరికీ కలిపి నేనే ఎత్తాను. లేవండి. నలిగిపోతే ఎవరు కొంటారు?"

ఎవరో ముందు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. బొండాల ఆవిడ కాగితంలో నాలుగు బొండాలు పెట్టి తెచ్చి సేతి చేతిలో పెట్టింది. అపెరామో లేచి, సేతి చంకల కింద చేతులు వేసి లేపాడు. ఆ కాలు నేల మీద కుదురుకునే దాకా పట్టుకుని నిలబడ్డాడు.

ఆ సరికే వేగుచుక్క సగం నిండిపోయింది. తిరుగు ప్రయాణం వాళ్ళు మూటలు సర్దుకుని, ఒళ్ళు పంచుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం విమానానికి వెళ్ళాల్సిన ఒక కుర్రాడు కిటికీలోంచి తల బయటపెట్టి, ఎటు చూడాలో తెలియక, "ఈ బండి డ్రైవరు ఎవరండీ?" అని అడిగాడు.

"నేనే," అన్నాడు అపెరామో.